అరటిచెట్టుకు బదులు

అంబత్తూరు ఎస్టేట్ బస్టాపు వెనక గోడ మీద పోయిన గురువారం ఆవిడ ముఖం అంటించారు. నల్ల అంచు, రెండు మూలల్లో రెండు దీపాలు, పైన పెద్ద అక్షరాల్లో కన్నీటి అంజలి. ఆధార్ కార్డులో ఫొటో తీసి పెద్దది చేసినట్టున్నారు. నవ్వు లేదు, కళ్ళజోడు లేదు, ఎవరో బలవంతాన కూర్చోబెట్టినట్టుంది. ఆవిడ లెక్కలో అయితే అది పనికిరాని పోస్టరు. "మొగం నవ్వతా ఉంటేనే కథ ఉండాదని అర్థం. నవ్వకపోతే ఆ మనిషి కథని తనతోనే ఎత్తుకుపోయినట్టు," అనేది.

నేను ఎక్కాల్సిన బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. పోస్టరు మొత్తం, అడుగున ఏడుస్తున్నవాళ్ళ పేర్లతో సహా చదివాను. మూడేళ్ళ కిందట నాకు అరవం అక్షరం ముక్క రాదు. ఎందుకు నేర్చుకున్నానో చెబితే ఆవిడ గురించి చెప్పినట్టే.

ఆవిడ ప్రేమ నవలలు రాసేది. భీమవరంలో కాలేజీ రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని, లెక్కల పుస్తకం మాటున పెట్టి చదివి, ఏడ్చి, ముక్కు తుడుచుకున్న పుస్తకాల్లో సగం ఆవిడవే. పెళ్ళయ్యి ఈ అరవ ఊరొచ్చి, పంపులు చేసే కంపెనీలో క్వాలిటీ సెక్షన్లో చేరి, పై అంతస్తులో ఒంటరిగా ఉండే పెద్దావిడ పేరు లెటర్ బాక్సు మీద చూసిన రోజు మెట్ల దగ్గరే నిలబడి మళ్ళీ మళ్ళీ చదివాను. అట్ట మీద ఆ పేరు పక్కన ఎప్పుడూ గులాబీ పువ్వు వేసేవాళ్ళు. లెటర్ బాక్సు మీద మాత్రం పావురాల రెట్ట ఉంది.

వారపత్రికలు ఒక్కొక్కటీ మూతబడ్డాక ఆవిడ హైదరాబాదులో ఎవరో పిల్లలు నడిపే ఆడియో యాప్‌కి సీరియల్ రాస్తోంది. కళ్ళు మసకలు పడుతున్నాయి. నాకు తెలుగు టైపింగు వచ్చని తెలిసిన మర్నాడే నన్ను పట్టేసింది. ఆదివారం ఉదయాలు ఆవిడ చెప్పడం, నేను కొట్టడం. మనుషుల కాలక్షేపం లేని ఊళ్ళో నాకూ అది పండగలాగే ఉండేది.

ప్రేమ మాటలు చెప్పేటప్పుడు ఆవిడ చేతులు ఖాళీగా ఉంచేది కాదు. మునగాకు దూసేది. "నువ్వు లేని ఊళ్ళో నాకు వాన కూడా అక్కర్లేదు" అని నాయిక చేత అనిపించి, అదే గొంతుతో, "ఈ కట్టలో సగం ముదురాకే, చూసి తీసుకోకూడదా" అనేది. మొదట్లో రెండోది కూడా టైపు చేసేసేదాన్ని. మధ్యలో ఒక్కోసారి ఆగిపోయి, తల పక్కకు వంచి, తలుపు వైపు చెవి పెట్టేది. వంటింట్లో కుక్కరు విజిల్ వేసినా పలికేది కాదు. కాసేపటికి "ఆమా, ఆమా, అట్లనే చెప్పు" అని, ఔను ఔనన్నట్టు ఎవరికో బదులిచ్చి, నా వైపు తిరిగి మిగతా వాక్యం చెప్పేది. రచయితలు కదా, కాస్త తిక్క ఉంటుందిలే అనుకునేదాన్ని.

"మీకు ఈ పేర్లన్నీ ఎక్కడ దొరుకుతాయి ఆంటీ?" అని ఒకరోజు అడిగాను. ఆవిడ చెప్పులేసుకుని, పాల పాకెట్టుకని నన్ను వెంటబెట్టుకు వెళ్ళి, ఇదే గోడ ముందు నిలబెట్టింది.

"ఈ పిల్లోడ్ని చూడు. ఇరవై ఎనిమిదేండ్లు. అడుగున ఎవురెవురు ఏడస్తా ఉండారు? అమ్మా, నాయనా, చెల్లెలూ, ఫ్రెండ్సు. పెండ్లాం పేరు లేదు. అంటే పెండ్లి కాలా."

"అయితే ఏంటండీ?"

"మా పక్క పెండ్లి కాకుండా మొగపిల్లోడు చచ్చిపోతే, కాటికి ఎత్తకముందే అరటిచెట్టుకు తాళి కట్టించి పంపతారు. తీరని ఆశతో తిరగతా ఉండకూడదని. చెట్టుతో ఏం కాపురం చేస్తాడు చెప్పు, పావం? నేను అరటిచెట్టుకు బదులు మనిషినిస్తా ఉండా."

లెక్కల పుస్తకం మాటున నేను ప్రేమించిన పొడుగాటి హీరోలందరూ, వాళ్ళ కోసం రైలు స్టేషన్లలో ఎదురుచూసిన అమ్మాయిలందరూ, ఒక్కరు మిగలకుండా ఏదో ఒక గోడ మీద నుంచి దిగి వచ్చినవాళ్ళే. అబ్బాయి ఒక గోడ మీద, అమ్మాయి ఇంకో గోడ మీద. బతికుండగా ఒకరినొకరు చూసి ఉండరు. ఆవిడ వాళ్ళ ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని, జాతకాలు చూసినంత శ్రద్ధగా జత కలిపేది. ఆవిడ నవలలన్నీ పెళ్ళితోనే ఎందుకు ముగుస్తాయో నాకు ఆ రోజు అర్థమైంది. విమర్శకులు దాన్ని చవకబారు అలవాటన్నారు. వాళ్ళకేం తెలుసు.

నవల ముగిసిన రోజు ఆవిడ ఇల్లు కడిగి, తలంటుకుని, పెళ్ళి భోజనం వండేది. నాలుగు ఆకులు వేసేది. ఒకటి ఆవిడకి, ఒకటి నాకు. మిగతా రెండు ఆకుల్లోనూ పాయసంతో సహా అన్నీ వడ్డించేది. మొదటిసారి ఆ రెండు ఆకుల పక్కన కూర్చుని నేను ముద్ద మింగలేకపోయాను. రెండోసారి అప్పడం అడిగి మరీ వేయించుకున్నాను. మనిషికి ఏదైనా అలవాటవుతుంది, ఏం చెప్పమంటారు.

"బతికున్నవాళ్ళ మీద ఎప్పుడూ రాయలేదా ఆంటీ?" అన్నాను ఆ భోజనం దగ్గరే.

"వొద్దమ్మా. బతికుండేవోళ్ళు సండకొస్తారు, కొట్లాడతారు. పోయినోళ్ళు మర్యాదస్తులు." నవ్వింది. తర్వాత ఆకు మడుస్తూ నవ్వకుండా చెప్పింది. "అదీ గాక, పోయిన పిల్లకి బతికుండేవోడిని ముడేసినామనుకో. కట్టుకున్నాక ఆ పిల్ల పిలవదా? పిలిస్తే వాడు పోకుండా ఉంటాడా?"

కళ్ళు బొత్తిగా ఆనకుండా పోయాక పోస్టర్ల పని కూడా నా మీదే పడింది. నాకు చదవడం రాకపోయినా వాటం తెలిసిపోయింది. ఫొటో, నల్ల అంచు, దీపాలు, అడుగున పేర్లు. ఫోన్‌లో ఫొటో తీసి, టీ కొట్టావిడ చేత చదివించుకుని, వచ్చి చెప్పేదాన్ని. రేవతి అనే అమ్మాయి ముఖం మాత్రం అలా రాలేదు. షోళింగనల్లూరులో పనిచేసే నా స్నేహితురాలు వాళ్ళ ఆఫీసు దారిలో చూసి పంపింది. రెండు జడలు వేసుకున్న పాత ఫొటో, పళ్ళన్నీ కనపడే నవ్వు. కంటికి కనపడకపోయినా ఆవిడ ఆ ఫోన్ని చేత్తో తడిమి, "ఈ పిల్లకి మంచి మొగుడు కావాల, అవసరపడొద్దు," అంది. తొందరపడొద్దని ఆవిడ భాషలో.

తొందరపడింది నేనే. ఒక సోమవారం బస్సు కదిలిపోతుంటే గోడ మీద ఒక కుర్రాడు నవ్వుతూ కనిపించాడు. నలుపు తెలుపు జిరాక్సు. పోస్టరు పై భాగం, అడుగు భాగం ఏవో ట్యూషన్ సెంటర్ కాగితాల కింద పడిపోయాయి. ముఖం, దాని కింద పేరు మాత్రం మిగిలాయి. ఫొటో తీసుకుని బస్సెక్కేశాను. పక్క సీటావిడ పేరు చదివి పెట్టింది, మురళి అని.

"అడుగున ఎవురెవురి పేర్లుండాయి?" అని ఆంటీ అడిగింది.

"అమ్మ పేరొక్కటేనండి," అన్నాను.

నేను ఏ పేరూ చూడలేదు. చూడలేదని చెప్పడానికి బద్ధకం వేసింది. మళ్ళీ ఎండలో వెళ్ళి ఆ కాగితాలు పీకి చూడాలి కదా అని. అంతే, అంతకంటే పెద్ద కారణం లేదు.

మురళి, రేవతి కథ బ్రహ్మాండంగా నడిచింది. యాప్ వాళ్ళ కుర్రాడు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నాడు. పెళ్ళి ఇంకో రెండు వారాలుందనగా, ఒక ఉదయం ఆఫీసుకెళుతూ గోడ దగ్గర ఒకామెను చూశాను. నలభై ఐదు, యాభై ఏళ్ళుంటాయి. ప్లాస్టిక్ డబ్బాలో మైదా జిగురు, చేతిలో కొబ్బరిపీచు. అదే ముఖాన్ని, అదే నవ్వుని గోడకు కొత్తగా అంటిస్తోంది. జిగురు మూలల్లోకి తోస్తూ తనలో తాను తెలుగులో గొణుక్కుంటోంది. తెలుగు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ అబ్బాయా అమ్మా? చనిపోయి ఎన్నాళ్ళయింది?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఎవురు చచ్చిపోయింది?"

నేను పోస్టరు వైపు చూపించాను. ఆమె జిగురు వేలితో పైన పెద్ద అక్షరాల కింద ఒక్కొక్కదాన్నే తాకుతూ చదివింది. "ఈడ ఏం రాసుండాది? కనపడలేదు అని. కనపడినోళ్ళు ఫోన్ చేయండి అని. నా కొడుకు ఈడనే లేత్ మెషీన్ కాడ పనిచేస్తా ఉండె. షిఫ్టు ముగించి బయటకొచ్చినాడు, ఇల్లు చేరలా. ఎనిమిది నెలలు. నా బిడ్డ చచ్చిపోయినాడని నీకెవురు చెప్పినారు? ఎవురు చెప్పినారు, చెప్పు!"

ఆ రోజు నేను ఆఫీసుకు వెళ్ళలేదు. పై అంతస్తుకు వెళ్ళి, ఆంటీ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, పేర్లు చూడలేదన్న సంగతితో సహా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. కళ్ళజోడు తీసి చాలాసేపు చీర కొంగుతో తుడిచింది.

"బతికినోడిని తీసుకొచ్చి పోయిన పిల్ల పక్కన కూచోబెట్టినాం గదమ్మా," అంది. "అదేమో ఇంక పద్నాలుగు దినాలని లెక్కేస్తా ఉండాది."

ఆ శనివారం పోస్టరు మీద నంబరుకు ఫోన్ చేసి, ఇద్దరం ఎన్నూరులో వాళ్ళింటికి వెళ్ళాం. వాగు ఒడ్డున వరస ఇళ్ళు. లారీలు పోయినప్పుడల్లా గిన్నెలు అదిరాయి. వాకిట్లో కరివేపాకు మొక్క మీద పవర్ హౌసు బూడిద. మురళి వాళ్ళమ్మ మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి టీ ఇచ్చింది. తరతరాలుగా అక్కడే ఉంటున్న తెలుగువాళ్ళు వాళ్ళు. ఆంటీ ఏదీ దాచలేదు. గోడలు, జతలు, అరటిచెట్టు, రెండు ఆకులు, అన్నీ చెప్పింది. ఆ తల్లి ఎక్కడ లేచి మమ్మల్ని గెంటేస్తుందోనని నేను చెప్పుల వైపు చూస్తున్నాను.

ఆమె అడిగింది ఒక్కటే. "మీ కథలో నా బిడ్డ ఎట్లుండాడు పెద్దమ్మా?"

"మంచోడు. కోపం జాస్తి, నిలవదు. ఫోన్ మాట్లాడేటప్పుడు ఇంకో చెవి మూసుకుంటాడు. చేప తినడు. అందరూ చేప తింటా ఉంటే నిమ్మకాయ ఊరగాయతో తిని లేస్తాడు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చేప తినడని ఎవురికీ తెలీదు. వలేసే ఇంట్లో పుట్టి చేప తినడంటే నగతారని ఇంట్లోనే దాచినాం. మీకెవురు చెప్పినారు?"

ఆంటీ నా వైపు తిరిగింది. నాకు తెలుసు, ఆ చేప సంగతి చెప్పేముందు ఆవిడ తలుపు వైపు తల వంచి చాలాసేపు విన్నది. నేనే టైపు చేశాను.

"పెండ్లి చేయొద్దు పెద్దమ్మా," అంది ఆ తల్లి. "నా బిడ్డ యాడనో ఉండాడు. ఆ పిల్లని కాచుకోమనండి. మీ కాళ్ళకు మొక్కతా."

"నా నోటితో ఆ ముహూర్తం చెప్పను," అని ఆంటీ ఆమె చేతిలో చెయ్యి వేసింది.

అప్పటి నుంచి పెళ్ళి వాయిదాలు మొదలయ్యాయి. వరదొచ్చింది. పురోహితుడికి కాలు విరిగింది. పెళ్ళికొడుకు నాయనమ్మ పోయి మైల వచ్చింది, తర్వాత అమ్మమ్మ పోయింది. ఒకే కథలో ఆషాఢం మూడుసార్లు వచ్చింది. యాప్ కుర్రాడు ఫోన్లో, "మేడమ్, కామెంట్లలో తిడుతున్నారు మేడమ్, ఒక్క తాళి కట్టించెయ్యండి," అని బతిమాలేవాడు. మురళి వాళ్ళమ్మ మాత్రం ప్రతి ఎపిసోడ్ విని, నాకు ఫోన్ చేసి, "ఈ వారం గండం గడిచింది," అనేది. నేను ఆ నెలల్లోనే అరవం ఒకటో తరగతి పుస్తకం కొనుక్కున్నాను. తప్పు దిద్దుకోవడానికి అంతకంటే ఏం చెయ్యాలో తెలియలేదు.

రెండేళ్ళు ఇలా నడిచాక రేవతి మారిపోయింది. ఆంటీ మాట మొదటి నుంచీ ఈ ఊరి తెలుగే, ఈడ, ఆడ, సరి సరి. కానీ రేవతి మాటలు చెప్పేటప్పుడు గొంతు సన్నబడి ఇంకోలా వచ్చేది. "గిట్ల ఎన్ని దినాలు కూసోవాలె? నాకేం తక్కువైంది? ఎవలను అడగాలె నేను?" నేను టైపు చేయడం ఆపి చూశాను. ఆంటీ తెలంగాణ ముఖం చూసిన మనిషి కాదు.

"ఆ అమ్మాయి అలా మాట్లాడుతుందని ఎందుకు రాస్తున్నారు?"

"నేనా? అదే చెప్తా ఉండాది. వినేదే నా పని."

నా స్నేహితురాలికి ఫోన్ చేసి, ఆ పోస్టరులో అమ్మాయిది ఏ ఊరో కనుక్కోమన్నాను. కరీంనగర్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదట, వాళ్ళ పక్క బిల్డింగులోనే పని చేసేదట. ఆ సంగతి నేను ఆంటీకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదనిపించింది.

చివరి ఆదివారం ఆవిడ మునగాకు ముట్టుకోలేదు. చాలా అలిసిపోయి ఉంది. పెళ్ళి పందిట్లో రేవతి ఒక్కతే పీటల మీద కూర్చుని ఉన్న దగ్గర ఎపిసోడ్ ఆపింది. "కడుపున పుట్టిన పిల్లని మోసం చేసినట్టుండాది నాకు," అంది. "దాని తప్పేముండాది, చెప్పు? దానికి జవాబు చెప్పకుండా ఉండొద్దు." ఎవరు చెప్పాలో చెప్పలేదు. బుధవారం పొద్దున పనమ్మాయి తలుపు తీసేసరికి కుర్చీలోనే పోయి ఉంది. తల తలుపు వైపు వంగి ఉందట.

యాప్ కుర్రాడు సంతాపం చెప్పి, అసలు మాట కదిపాడు. "పెళ్ళి ఎపిసోడ్ ఒక్కటి మీరు రాసెయ్యండి మేడమ్. ఆవిడ స్టైల్ మీకే తెలుసు. శ్రోతలకి హ్యాపీ ఎండింగ్ బాకీ ఉన్నాం." నేను రాయనని చెప్పి ఫోన్ పెట్టేశాను. రాయకుండా ఎన్నాళ్ళు ఆపగలనో నాకే తెలియలేదు. ఆ రెండు రోజులూ ల్యాప్‌టాప్ మూసే ఉంచాను. ఒంటరిగా ఉన్నప్పుడు తలుపు వైపు చూడటం కూడా మానేశాను.

ఆదివారం ఎన్నూరు వెళ్ళి, ఆంటీ లేదని మురళి వాళ్ళమ్మకు చెప్పాను. ఆమె ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుంది. లారీ ఒకటి పోయింది, గిన్నెలు అదిరి ఊరుకున్నాయి.

"అయితే నువ్వు రాసేయమ్మా, ఆ పెండ్లి," అంది.

నాకు సరిగ్గా అర్థం కాలేదనుకున్నాను. "ఏం రాయమంటున్నారు?"

"పెండ్లి. మూడేండ్లు నేనొకదాన్నే కాచుకొని ఉండాననుకొన్నా. ఆ పిల్లా కాచుకొనే ఉండాది గదా. పోయిన వారం పీటల మీద ఒక్కతే కూచోనుండాది. వాడు యాడున్నా ఒక్కడే ఉండాడు. నేను పోతే వాడ్ని తలుచుకొనేవోళ్ళు ఎవురుండారు? ఆ పిల్లన్నా ఉంటుంది."

"ఒకవేళ తిరిగొస్తే?"

"వస్తే రానీ. పెండ్లాంతో వస్తాడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఇదంతా నా బద్ధకం వల్ల అన్నాను. ఒక కాగితం పీకి చూసి ఉంటే మీ బిడ్డ ఈ కథలోకే వచ్చేవాడు కాదన్నాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, "గమ్మునుండు. వాడి గురించి వారం వారం చెప్పింది మీరిద్దరేనే. పోలీసోళ్ళు ఒకసారన్నా చెప్పినారా?" అంది. తర్వాత, "నన్ను కూడా ఆ పందిట్లో నిలబెట్టు. ముందు వరసలో," అంది.

ల్యాప్‌టాప్ అక్కడే, చాప మీదే తెరిచాను. ఆమె పక్కన కూర్చుని పెళ్ళి వంటలు చెప్పింది. చేప వద్దంది. చీర రంగు చెప్పింది. నాదస్వరం వాళ్ళు ఏ ఊరినుంచి రావాలో చెప్పింది. నేను జీవితంలో ఒక్క వాక్యం సొంతంగా రాసిన మనిషిని కాదు, అయినా వేళ్ళు ఆగలేదు. జీలకర్ర, బెల్లం అయ్యింది. మురళి రేవతి మెడలో మూడు ముళ్ళూ వేశాడు. రేవతి తలెత్తి తన యాసలో ఒక్క మాటంది, "అచ్చినవా" అని. అది నేను అనుకున్న మాట కాదు.

తెర మీద నుంచి తలెత్తేసరికి పక్కన ఆమె లేదు. వంటింట్లో పసుపు, సున్నం కలుపుతున్న చప్పుడు. ఎర్రనీళ్ళ పళ్ళెంతో బయటకొచ్చి, వీధి తలుపు రెండు రెక్కలూ తెరిచి, ఎండలోకి మూడుసార్లు తిప్పి దిష్టి తీసి, పక్కకు తప్పుకుంది.

"కుడికాలు పెట్టి రా తల్లీ," అంది.

నేను చాప మీద కాళ్ళు ముడుచుకుని దారిచ్చాను.